నాలుగు కంటే ఐదు పెద్దదే కదా

మాది కడియపులంక. నర్సరీ లేని ఇల్లు మా ఊళ్ళో వెతుక్కోవాలి. మొక్కలు మోయడానికి నేనొక సెకండ్‌హ్యాండ్ పికప్ కొన్నాను. (మా వైపు పికప్ ఏ కంపెనీదైనా దాన్ని బొలెరో అనే పిలుస్తారు, అది వేరే సంగతి.) తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు దానికి రెండో గేరు పడదు. మొదటి బంతిలో భోజనానికి కూర్చోమంటే మొహమాటపడే పెద్దమనిషిలా, రెండు మూడు సార్లు బతిమాలితే గానీ కూర్చోదు.

"గేర్ బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చారండీ?" అన్నాడు మేస్త్రి. బండి అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఇంజన్ ఆయిల్ మార్పించానండీ" అన్నాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఇంజన్ ఆయిల్‌కి డైరీలో తారీఖు రాసుకుంటాను. గేర్ బాక్సులోనూ, వెనక చక్రాలను తిప్పే పళ్ళచక్రాలుండే హౌసింగులోనూ కూడా నూనె ఉంటుందని గేరు అలిగాకే గుర్తొచ్చింది.

మార్చేదేదో సింథటిక్ వేద్దాం, కూలి డబ్బులెందుకు, మనమే పోసుకుందాం అనుకున్నాను. రెండు రాత్రులు ఫోన్లో చదివి, బోలెడు జ్ఞానంతో రాజమండ్రి వెళ్ళాను.

"గేర్ ఆయిల్ కావాలండీ."

"75డబ్ల్యూ-90నా, 80డబ్ల్యూ-90నా, 85డబ్ల్యూ-140నా? జీఎల్-4నా, జీఎల్-5నా?"

రైల్వే ఎంక్వయిరీలో నిలబడ్డట్టయింది. చదివిందంతా గుర్తు తెచ్చుకున్నాను. డబ్ల్యూ అంటే చలికాలం. 80 రాసిన నూనె మైనస్ 26 డిగ్రీల దాకా, 75 రాసినది మైనస్ 40 దాకా కదలగలగాలి. కడియంలో 16 డిగ్రీలకే మంకీ టోపీలు దిగుతాయి. అయినా మనిషన్నాక ముందుచూపు ఉండాలని, మైనస్ 40కి సిద్ధపడి 75డబ్ల్యూ-90 తీసుకున్నాను. అందులో తెలివి లేకపోలేదు లెండి. ఆ నూనె చల్లగా ఉన్నప్పుడు పల్చగా కదులుతుంది కాబట్టి పొద్దున గేరు సులువుగా పడుతుంది. మన ఎండలకి మామూలు నూనె కంటే సింథటిక్ బాగా తట్టుకుంటుంది కూడా.

ఇక జీఎల్ సంగతి, అంటే గేర్ ఆయిల్ ఏ రకమో చెప్పే నంబరు. అక్కడ నేను లెక్కల మీద ఆధారపడ్డాను. నాలుగు కంటే ఐదు పెద్దది. పెద్దది కాబట్టి మంచిది. "రెండిటికీ ఐదే ఇచ్చెయ్యండి" అన్నాను. కొట్టాయన నోరు తెరిచి, నా ముఖంలో ఉన్న ధైర్యం చూసి మూసేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. తెల్లవారి అయిదింటికి విశాఖ పార్టీకి క్రోటన్లు, నందివర్ధనాలు లోడెత్తాలి. గంటలో అయిపోయే పనే కదా! నూనె వేడిగా ఉంటే త్వరగా కారుతుందన్నారని బండిని ధవళేశ్వరం దాకా తిప్పి తెచ్చాను. కింద పాత్ర పెట్టాలి. నర్సరీలో కుండీలకు కరువా? పద్నాలుగు అంగుళాల నల్ల కుండీ ఒకటి తోసి, డ్రెయిన్ నట్టు తిప్పాను. వేడి నూనె చేతిమీద చురుక్కుమనిపించి, ధారగా కారింది. నట్టు చివరి అయస్కాంతానికి సన్నటి ఇనుప నూగు అంటుకుని ఉంది. గేరు చక్రాలు అరిగిపోయాయని గుండె జారింది. ఆ కాస్త నూగు మామూలేనని తర్వాత తెలిసింది.

ఈలోగా వీపు తడిసింది.

ఇరవై ఏళ్ళుగా కుండీలు అమ్ముతున్నాను. అడుగున కన్నాలున్నాయో లేదో చూసుకోండి, లేకపోతే నీళ్ళు నిలిచి వేళ్ళు కుళ్ళిపోతాయి అని కొన్న ప్రతివాళ్ళకీ చెబుతాను. మా ఆవిడ టార్చిలైటు వేసి చూసి, "మన కుండీ మంచి క్వాలిటీదండీ. చుక్క నిలవలేదు" అంది.

సరే, పోయింది పోయింది, కొత్తది పోద్దామని పక్కనున్న నింపే నట్టుకి పానా పెట్టాను. కదల్లేదు. పానా మీద కాలేసి తొక్కాను. పానా జారింది, నట్టు మూలలు గుండ్రమయ్యాయి, నేను మందారాల్లో పడ్డాను. చుక్క నూనె లేని బండి, పొయ్యడానికి దారి లేని డబ్బాలు, అయిదింటికి లోడు. టెన్షన్‌తో మేస్త్రికి ఫోన్ చేశాను.

ఆయన తొమ్మిదిన్నరకి బైకు మీద వచ్చి, కిందకి వంగి, లేచి, "ఆయ్! ముందు పై నట్టు ఊడుతుందో లేదో చూసుకుని అప్పుడు కదండీ కింద నట్టు తియ్యాలి?" అన్నాడు. రెండు రాత్రుల చదువులో ఈ ముక్క ఎక్కడా తగల్లేదు.

తర్వాత డబ్బా చూశాడు. "ఇది దేనికండీ?"

"రెండిటికీ."

"ఇంకా పొయ్యలేదు కదా?"

"నట్టు ఊడితే కదా!"

"బతికారు! ఐదో నంబరు హౌసింగుకండీ. అక్కడ క్రౌన్ పళ్ళు ఒకదాన్నొకటి గట్టిగా రాసుకుంటాయి, వాటికి ఈ గంధకం మందు కావాలి. గేర్ బాక్సులో ఇత్తడి రింగులుంటాయి. అవి కాస్త పట్టు దొరికితేనే గేరు కలుస్తుంది. ఇది పోస్తే జారిపోతాయి, పైగా ఆ మందు వేడి మీద ఇత్తడికి పడదు. రెండిటికీ పనికొచ్చేవీ ఉన్నాయండీ, వాటి డబ్బా మీదే రాసుంటుంది. మీ బండి పుస్తకంలో నాలుగనే ఉంటుంది, చూసుకోండి."

చూశాను. నాలుగే.

ఊడిన నట్టు వల్ల నష్టం, ఊడని నట్టు వల్ల లాభం. ఆ మొండి నట్టుకి మనసులోనే దండం పెట్టుకున్నాను. మేస్త్రి దాన్ని వేడి చేసి, బాక్సు పానాకి ఇనప గొట్టం తొడిగి ఒక్క గుంజు గుంజాడు. తన షెడ్డు నుంచి జీఎల్-4 తెప్పించి, కన్నం అంచుదాకా వచ్చిందని వేలు పెట్టి చూసి కొత్త నట్టు బిగించాడు. నా డబ్బాలు హౌసింగులోకి వెళ్ళాయి. ఆదా చేద్దామనుకున్న కూలి, రాత్రిపూట కాబట్టి, రెట్టింపు.

అయిదింటికి రెండో గేరు వెన్నలో చాకులా దిగింది. కానీ గేర్ ఆయిల్ వాసన తెలుసుగా, కుళ్ళిన కోడిగుడ్డు దాని ముందు అత్తరు. నూనె మట్టి తవ్వి గోనెల్లోకి ఎత్తినా గాలి నిండా అదే. లోడుకొచ్చిన విశాఖ ఆయన ముక్కెగరేసి, "ఏం ఎరువు వాడతారండీ మీరు?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది: "సింథటిక్ అండీ. మైనస్ నలభైలో కూడా పనిచేస్తుంది."