స్టే నీడన తవ్వకాలు

బొగ్గు గని లీజు గడువు తీరింది, గని మాత్రం చేతులు మారలేదు. పాత లీజుదారు కోర్టుకెక్కి యథాతథ స్థితి ఉత్తర్వు (స్టే) తెచ్చుకున్నాడు. మరుసటి షిఫ్టుకే తవ్వే యంత్రాలు కదిలాయి, కాంటా ముందు టిప్పర్లు బారులు తీరాయి. లీజు పత్రంలోని పొడిగింపు షరతు ప్రకారం గని ఇంకా తనదేనని అతని వాదన. ఆ షరతుకు ఎవరు చెప్పే అర్థం సరైనదో కోర్టే తేలుస్తుంది, అందులో మేం తలదూర్చం. మేం అడిగేది ఒక్కటే. తీర్పు వచ్చేదాకా ఆ బొగ్గును ఎవరు తవ్వుకుపోవాలి? గనిలో కూర్చున్నవాడే తవ్వుకోవచ్చని తేలితే ఇక మీదట ఏ లీజుదారు గడువు తీరగానే మర్యాదగా దిగిపోతాడు?

అద్దెకిచ్చిన ఇల్లు ఖాళీ చేయించడానికి పదేళ్లు పట్టినా చివరికి ఇల్లంటూ మిగులుతుంది. ఇక్కడ అద్దెకున్నవాడు రోజూ ఇంటినే ఇటుక ఇటుకగా పీకి అమ్ముకుంటున్నాడు. కోర్టు 'ఎక్కడివక్కడే ఉండనివ్వండి' అన్నా గనిలో ఎక్కడిదీ అక్కడ ఉండదు. పూటపూటకూ సరుకు రైలు సైడింగుకు చేరి వ్యాగన్లకెక్కుతుంది. కేసు గెలిచినవాడికి చివరికి దక్కేది నీళ్లు నిలిచిన గొయ్యి, చుట్టూ మట్టి దిబ్బలు.

పెట్టుబడి కోట్లలో ఉందని, గని ఆగితే కార్మికుల నోటికాడి కూడు పోతుందని, చట్టప్రకారం తప్ప ఎవరినీ గెంటకూడదని లీజుదారు తరఫువాళ్లు అంటున్నారు. మూడూ కాదనలేని మాటలే. వాటిలో ఏ ఒక్కటీ తవ్విన బొగ్గు సొమ్మంతా అతని ఖాతాలోకే పోవాలని మాత్రం చెప్పదు.

ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. లీజు ముగిశాక ఆస్తిని యజమానికి అప్పగించడం లీజుదారు బాధ్యత అని 108వ సెక్షన్ ఎలాంటి డొంకతిరుగుడూ లేకుండా చెబుతోంది. అయినా గడువు తీరాక పట్టుకు వేలాడటం మన గనుల్లో అలవాటైపోయింది. గోవాలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. అక్కడి ఇనుప ఖనిజం లీజుల గడువు 2007 నవంబరు 22తోనే ముగిసిందని, ఆ తర్వాత తవ్విందంతా అక్రమమేనని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్లో తేల్చింది. అప్పటికి కొండలు కరిగిపోయాయి. 'రెన్యువల్‌కు దరఖాస్తు పెట్టాం, జవాబు రాలేదు, కాబట్టి లీజు నడుస్తున్నట్టే' అన్న ధీమాతో 2012లో ప్రభుత్వం ఆపేదాకా యంత్రాలు ఆగలేదు. ఆ తర్వాత ఇచ్చిన 88 రెన్యువళ్లనూ 2018లో కోర్టు కొట్టేసింది. తీర్పులు గట్టివే. ఖనిజం మాత్రం తిరిగి రాలేదు.

బొగ్గులో మరో రకం తంతు చూశాం. జార్ఖండ్‌లోని పచ్వారా సెంట్రల్ గని పంజాబ్ విద్యుత్ సంస్థది. 2014లో సుప్రీంకోర్టు బొగ్గు బ్లాకుల (తవ్వకానికి ఇచ్చిన ప్రాంతాల) కేటాయింపులను రద్దు చేశాక అదే గనిని 2015లో తిరిగి ఆ సంస్థకే కేటాయించారు. పాత తవ్వకం కాంట్రాక్టరు మాత్రం నన్నే కొనసాగించాలని పట్టుబట్టాడు. పాత కాంట్రాక్టును ఉంచుకోవాలా వద్దా అన్నది కొత్తగా గని పొందినవారి ఇష్టమేనని, కాంట్రాక్టరు దాన్ని హక్కుగా అడగలేడని సుప్రీంకోర్టు 2021లో హైకోర్టు తీర్పును పక్కనపెట్టి మరీ చెప్పింది. ఆ గని నుంచి మళ్లీ బొగ్గు కదిలింది 2022 డిసెంబరులో. కాగితం మీద గని చేతికొచ్చిన ఏడేళ్లకు! ఒకచోట ఆగకుండా తవ్వేశారు, ఇంకోచోట తట్టెడు బొగ్గు రాలేదు. రెండు చోట్లా గడువు తీరినవాడు పట్టు వదల్లేదు, జనం సొత్తుకు నష్టం జరిగింది. ఇప్పుడు మూడో ఉదాహరణ తయారవుతుంటే ఊరుకోవాలా?

పట్టు నిలుస్తుందో లేదో తెలియనివాడు గనిని ఎలా వాడతాడో కార్మికులను అడిగితే చెబుతారు. ఓపెన్‌కాస్టులో (పైనుంచి తవ్వే గనిలో) రేపటి బొగ్గు కోసం ఇవాళ పైమట్టి తీయాలి. వచ్చే వాయిదాకు ఉంటానో లేదో తెలియనివాడు మట్టి మీద డీజిల్ ఎందుకు తగలేస్తాడు? అందిన బొగ్గు తీసుకుని బెంచీలను (గని గోడలోని మెట్లను) నిటారుగా వదిలేస్తాడు. భూగర్భ గని అయితే పైకప్పును మోస్తున్న బొగ్గు స్తంభాల మీదే కన్ను పడుతుంది. బొగ్గు తీసిన ఖాళీలో ఇసుక నింపే పని వాయిదా పడుతుంది. ఉక్కు తయారీకి వాడే కోకింగ్ బొగ్గు గనులను 1972లో, మిగతావాటిని 1973లో జాతీయం చేసినప్పుడు ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ప్రైవేటు యజమానుల ఈ అడ్డగోలు తవ్వకం ఒకటి. యాభై ఏళ్లు దాటాక స్టే ఉత్తర్వు పుణ్యమా అని అదే పద్ధతిని మళ్లీ పెంచి పోషిస్తున్నాం.

ఇక భద్రత సంగతి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న గనుల చట్టం కింద లీజుదారూ, గనిని అనుభవిస్తున్నవాడూ ఇద్దరూ ఓనర్లుగానే లెక్క. తగాదా నడుస్తున్న గనిలో మేనేజరు ఎవరి మనిషి? పంపుల కరెంటు బిల్లు ఎవరు కడతారు? పాత తవ్వకాల మ్యాపులు ఎవరి బీరువాలో ఉన్నాయి? 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గరి చస్నాలా బొగ్గు గనిలో పాత తవ్వకాల్లో నిలిచిన నీరు విరుచుకుపడి 375 మంది చనిపోయారు. దానికి లీజు గొడవతో సంబంధం లేదు. కానీ పక్కనున్న పాత గ్యాలరీ (సొరంగం) సరిగ్గా ఎక్కడుందో తెలియకుండా గనిని చేతులు మార్చడం ఎంత ప్రమాదమో అది చెబుతుంది. దావా వేసినవారి అభ్యర్థనలో గానీ, ప్రభుత్వ మాటల్లో గానీ షిఫ్టు దిగే కూలీ ప్రస్తావన ఎక్కడుంది?

అసలు కోపం ప్రభుత్వ యంత్రాంగం మీదే రావాలి. గడువు తేదీ లీజు పత్రంలోనే రాసి ఉంటుంది. ఆ తేదీ వస్తుందని ఏళ్ల ముందే తెలుసు. సర్వే చేయించలేదు, బొగ్గు నిల్వలు కొలిపించలేదు, అప్పగింతకు మనిషిని పెట్టలేదు. గడువు తీరాక కూడా పాత పేరు మీదే రాయల్టీ కట్టించుకున్నారు! రాయల్టీ పన్ను కాదని, లీజు కింద ఖనిజానికి ఇచ్చే ప్రతిఫలమని 2024 జులైలో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం మెజారిటీ తీర్పు చెప్పింది. లీజే లేనప్పుడు ఆ ప్రతిఫలం దేనికి? గడువు దాటాక యజమాని అద్దె పుచ్చుకుంటే లీజు కొనసాగినట్టేనన్న వాదనకు ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ దారి చూపిస్తుంది. ఆ వాదనకు కావలసిన రసీదును మన ఆఫీసులే ముద్ర కొట్టి ఇస్తున్నాయి. అమాయకత్వం అనుకుందామంటే మనసొప్పడం లేదు.

స్టే దానంతట అదే పోతుందిలే అనుకునే రోజులు కూడా పోయాయి. ఆరు నెలలు దాటితే స్టే రద్దయినట్టేనన్న 2018 నాటి తీర్పును 2024 ఫిబ్రవరిలో అయిదుగురు జడ్జీల ధర్మాసనం తోసిపుచ్చింది. అడిగి ఎత్తేయించుకుంటే తప్ప ఈ ఉత్తర్వు కదలదు. ప్రభుత్వ న్యాయవాది ఒక్కో వాయిదా అడుగుతున్నాడంటే ఒక్కో నెల బొగ్గును లీజుదారుకు రాసిస్తున్నట్టే.

కోర్టుల చేతిలో దారులు లేక కాదు. 2014లో బ్లాకులు రద్దు చేసినప్పుడు నడుస్తున్న గనులకు సుప్రీంకోర్టు 2015 మార్చి 31 దాకా గడువిచ్చింది, తవ్విన ప్రతి టన్నుకూ 295 రూపాయలు కట్టించింది. గని ఆగలేదు, తవ్వుకున్నవాడు ఊరికే పోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 40వ ఆర్డరు కింద గనిని తీర్పు దాకా కోర్టు తరఫున చూసుకునే రిసీవర్‌ను వేసే వీలుంది. తవ్వకం సాగుతుంది, కార్మికుడికి జీతం అందుతుంది, పంపులు తిరుగుతాయి, ఖర్చులు పోను మిగిలిన డబ్బు కోర్టు ఖాతాలో ఉంటుంది. గెలిచినవాడు తీసుకుంటాడు. లీజుదారు హక్కు అంత గట్టిదైతే ఈ ఏర్పాటుకు అభ్యంతరం ఎందుకు? అభ్యంతరం ఉందంటే అతనికి కావలసింది తీర్పు కాదు, తీర్పు రాకుండా గడిచే కాలం. ఈ ఒక్క గనిలో అది చెల్లితే, గడువు దగ్గరపడుతున్న ప్రతి లీజుదారూ ఇవాళే వకీలును మాట్లాడుకుంటాడు.

గనుల శాఖ ఇప్పటిదాకా రిసీవర్‌ను అడగలేదు, బొగ్గు సొమ్మును కోర్టులో డిపాజిట్ చేయించమని అడగలేదు, కౌంటరు (రాతపూర్వక జవాబు) కూడా వేయలేదు. కోర్టులో ఉన్న విషయం కాబట్టి మాట్లాడలేమని పత్రికలకు చెప్పే అధికారులు కోర్టులో కూడా నోరు విప్పడం లేదు. మాట్లాడాల్సిన చోటు అదేనయ్యా! వచ్చే వాయిదాకైనా గడువు తీరిన రోజు నుంచి కాంటా మీదుగా పోయిన ప్రతి టిప్పరు లెక్క పట్టుకుని వెళ్లండి. ఆ లెక్క మీ దగ్గర లేదంటే, కాంటా దగ్గర మీ మనిషి ఇన్నాళ్లూ ఎవరి కోసం కూర్చున్నాడో ముందు అది చెప్పండి.