కొలత చెప్పి ఓటడగాలి

తొలి సార్వత్రిక ఎన్నికల్లో కలకత్తా వాయవ్య స్థానం నుంచి లోక్‌సభకు పోటీచేసిన మేఘనాథ్ సాహా చేతిలో ప్రచారానికి డబ్బు లేదు. తన పాఠ్యపుస్తకం మీద 5,000 రూపాయలు ముందుగా ఇవ్వమని ప్రచురణకర్తకు ఉత్తరం రాశారు. నక్షత్రాల వర్ణపటాన్ని చూసి వాటి ఉష్ణోగ్రతను లెక్కగట్టే సమీకరణాన్ని 1920లోనే లోకానికి ఇచ్చిన శాస్త్రవేత్త ఆయన. వామపక్షాల అండతో నిలిచి, కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించి 1952లో సభలో అడుగుపెట్టారు.

ఆధారాలతోనే విధానాలు చేస్తామంటూ శాస్త్రవేత్తలు ఎన్నికల బరిలోకి దిగితే మేము మనసారా స్వాగతిస్తాం. అయితే డిగ్రీలూ పరిశోధన పత్రాలూ చూపి ఓటడిగితే చాలదు. ఏం కొలుస్తారో, ఎప్పుడు కొలుస్తారో, లెక్క తప్పితే ఏం చేస్తారో ముందే చెప్పాలి. ఎందుకంటే సరైన లెక్క కూడా సగంలో ఆగిపోతుందనడానికి సాహా జీవితమే సాక్ష్యం.

1943 వరదలో దామోదర్ నది గట్టు తెగి రైలు మార్గం దెబ్బతింది. యుద్ధకాలంలో కలకత్తాకు రాకపోకలు స్తంభించాయి. అప్పుడు వేసిన విచారణ సంఘంలో సాహా సభ్యుడు. గట్లు పెంచుకుంటూ పోతే లాభం లేదు, అమెరికాలోని టెన్నెసీ లోయలో చేసినట్టు నది మొత్తానికీ ఒకే సంస్థ ఉండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. టెన్నెసీ సంస్థ నుంచి వచ్చిన ఇంజినీరు వూర్డూయిన్ 10 లక్షల క్యూసెక్కుల వరదను లెక్కలోకి తీసుకున్నారు. వరుస ఆనకట్టలతో దాన్ని దిగువన రెండున్నర లక్షలకు తగ్గించేలా ప్రణాళిక వేశారు. 1948 జులైలో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ పుట్టింది.

కానీ ఆ ఆనకట్టల్లో కార్పొరేషన్ కట్టింది తిలైయా, కోనార్, మైథాన్, పంచేత్ మాత్రమే. ప్రణాళికలోని మిగతా ఆనకట్టలను పక్కనపెట్టారు. మైథాన్, పంచేత్ జలాశయాలకు కూడా పూర్తి మట్టం దాకా భూసేకరణ జరగలేదు. అంటే వరద కోసం కాగితం మీద చూపిన ఖాళీలో కొంత భాగం వాడుకోవడానికి లేకుండా పోయింది. 2009 అక్టోబరులో కర్నూలు మునగడం చూసిన మనకు ఆ ఖాళీ విలువేమిటో చెప్పనక్కర్లేదు. ముంపు అప్పటి బిహార్‌ది, నేటి జార్ఖండ్‌ది, రక్షణ బెంగాల్‌ది. క్యూసెక్కుల లెక్క పక్కాగా ఉంది. ఊరు వదిలేవారికి ఎవరు, ఎంత, ఎప్పుడు ఇస్తారన్న లెక్క అంత పక్కాగా లేదు. ఆధారమంటే ఆ రెండో లెక్క కూడా. నీళ్లు వదిలిన ప్రతిసారీ బెంగాల్ ప్రభుత్వానికీ కార్పొరేషన్‌కూ మధ్య రేగే వివాదం 2024లోనూ రేగింది.

పాలనలో కొలత ఎలా సాధ్యమో చూపిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్రతో చెల్లించే స్మార్ట్‌కార్డుల పథకాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అన్నిచోట్లా ఒకేసారి మొదలుపెట్టలేదు. 2010లో ఎనిమిది జిల్లాల్లో ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీతో తేల్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాలను పోల్చి చూశారు. కార్డులు ముందొచ్చిన మండలాల్లో కూలి తెచ్చుకోవడానికి పట్టే సమయం ఒక్కో చెల్లింపుకు సుమారు 20 నిమిషాలు తగ్గింది. డబ్బు రోజుల తరబడి ముందే చేతికొచ్చింది, మధ్యలో కాజేసే సొమ్మూ తగ్గింది. రెండేళ్లు గడిచాక కూడా ఆ మండలాల్లో దాదాపు సగం చెల్లింపులే కొత్త పద్ధతిలోకి మారాయి. అయినా ఈ ఫలితాలొచ్చాయి.

లాటరీ లేకపోతే ఏమయ్యేది? పలుకుబడి ఉన్న నాయకుల మండలాలో, యంత్రాంగం చురుగ్గా ఉన్న మండలాలో ముందు వరుసలో ఉండేవి. తేడా పథకానిదో, ఆ మండలానిదో తేలేది కాదు. పైగా కొత్త పద్ధతిలో ఆదాయం పోయిన స్థానికుల ఫిర్యాదులే పైవారి చెవిన పడ్డాయి, పథకాన్ని ఆపేయాలన్న ఆలోచనా వచ్చింది. కూలీలను నేరుగా అడిగితే అత్యధికులు కార్డే మేలన్నారు. ఆ సమాచారమే పథకాన్ని నిలబెట్టడానికి ఉపకరించింది.

కాబట్టి ఆధారాల పేరుతో ఓటడిగే అభ్యర్థి ఇవి రాతపూర్వకంగా ఇవ్వాలి: పథకం మొదలవకముందే స్థితిగతుల సర్వే, అమలు దశలవారీగా, ప్రభుత్వానికి సంబంధంలేని బృందంతో మదింపు, ఫలితం ఎలా ఉన్నా ప్రకటించే తేదీ. లబ్ధిదారుల సంఖ్యనే ఫలితంగా చూపడం మానాలి. ఎంతమందికి ఇచ్చారన్నది ఖర్చు లెక్క, వారి బతుకులో ఏం మారిందన్నదే ఫలితం. బిల్లులను లోతుగా పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘాలకు పంపాలని పట్టుబట్టాలి. 15వ లోక్‌సభలో 71 శాతం బిల్లులు అలా వెళ్తే 17వ లోక్‌సభలో వెళ్లినవి 16 శాతమే. నిపుణులను పిలిచి, అంకెలు తెప్పించుకుని ప్రశ్నించే వీలు ఎక్కువగా ఉండేది ఆ గదుల్లోనే.

ఇంకో చిక్కు ఉంది. సాహా తన కూటమి అండతో గెలిచినా స్వతంత్రంగానే మాట్లాడారు. అప్పటికి ఫిరాయింపుల నిరోధక చట్టం లేదు. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ ఆదేశానికి (విప్‌కు) వ్యతిరేకంగా ఓటేసినా, గైర్హాజరైనా సభ్యత్వం పోవచ్చు. ముందస్తు అనుమతి ఉంటే, లేదా 15 రోజుల్లో పార్టీ మన్నిస్తే వేటు పడదని అదే పదో షెడ్యూలు చెబుతోంది. విశ్వాస తీర్మానం, ద్రవ్య బిల్లులు మినహా మిగతా ఓటింగుల్లో ఆ అనుమతిని పార్టీలు టికెట్‌తో పాటే రాసివ్వాలి. శాస్త్రవేత్తలు ఆ కాగితం చేతికొచ్చాకే నామినేషన్ వేయాలి.