ఓడలవాళ్ల దర్గా: నాగూరు చరిత్రను తీరం నుంచి చూస్తే

గుంటూరు, ప్రకాశం, నెల్లూరు జిల్లాల ముస్లిం కుటుంబాల్లో నాగూర్ వలి, నాగుల్ మీరా అనే పేర్లు తరచూ వినిపిస్తాయి. ఆ పేర్లకు మూలమైన నాగూరు తమిళనాడు తీరంలో, నాగపట్నానికి ఉత్తరాన కొద్ది కిలోమీటర్ల దూరంలో, వెట్టారు నది సముద్రంలో కలిసే చోట ఉంది. 16వ శతాబ్దపు సూఫీ సాధువు షాహుల్ హమీద్ సమాధి అక్కడే ఉంది. ఆయన తపస్సు చేసుకున్నాడని చెప్పే సిల్లడి దర్గా సముద్రపు ఒడ్డునే ఉంటుంది. ఏటా ఆ సాధువు వర్ధంతికి జరిగే కందూరి ఉత్సవం వచ్చినప్పుడు నాగూరును మతసామరస్యానికి ప్రతీకగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఆ మాట నిజమే అయినా, అంతటితో ఆగిపోతే ఎవరు ఏ అవసరంతో ఈ గడప తొక్కారన్న ప్రశ్న మిగిలిపోతుంది. నా దృష్టిలో నాగూరు చరిత్రలో ప్రాణమున్న భాగం అదే.

ఉత్తరాదిన మాణిక్‌పూర్‌లో పుట్టి, గ్వాలియర్‌లో సూఫీ గురువు ముహమ్మద్ గౌస్ వద్ద శిష్యరికం చేసి, మక్కా యాత్ర ముగించుకుని, మాల్దీవులు, సింహళం మీదుగా షాహుల్ హమీద్ ఈ తీరానికి చేరుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. అప్పటికి తంజావూరును ఏలుతున్నది తెలుగువారైన నాయక రాజులు. అచ్యుతప్ప నాయకుడికి అంతుచిక్కని జబ్బు చేస్తే, కోటలో ఒంటినిండా సూదులు గుచ్చిన పావురం ఒకటి ఉందని సాధువు కనిపెట్టి, ఆ సూదులు ఒక్కొక్కటిగా తీయించగానే రాజు కోలుకున్నాడని, అందుకు ప్రతిఫలంగా భూమి ఇచ్చాడని కథ. భక్తులు ఇప్పటికీ దర్గాలో పావురాలను వదులుతారు. ఈ కథను చారిత్రక ఆధారంగా చూపలేము. అలాగని కొట్టిపారేయడం కూడా నాకు సరికాదనిపిస్తుంది, ఎందుకంటే రేవు లేని రాజధానికి రేవుతోనూ, రేవులోని కొత్త మనుషులకు రాజు అండతోనూ ఉన్న అవసరాన్ని అది తన పద్ధతిలో గుర్తుపెట్టుకుంది.

రెండో కథ పూర్తిగా ఓడలవాళ్లది. నడిసముద్రంలో ఓడకు చిల్లిపడితే, ఇక్కడ క్షవరం చేయించుకుంటున్న సాధువు చేతిలోని అద్దాన్ని విసిరాడని, అది వెళ్లి ఆ చిల్లికి అతుక్కుందని చెబుతారు. ఈ కథను మరక్కాయర్లు ఎందుకంత పదిలంగా మోసుకొచ్చారో వాళ్ల బతుకు చూస్తే అర్థమవుతుంది. ఈ తమిళ ముస్లిం ఓడ యజమానులు కోరమండల్ బట్టలను ఆగ్నేయాసియాలోని అచే, కెడా, మలక్కా రేవులకు చేర్చి, అక్కడి నుంచి తగరం, వక్కలు తెచ్చేవారు. రుతుపవనాన్ని నమ్ముకుని వెళ్లిన ఓడ తిరిగి వస్తుందో లేదో నెలల తరబడి తెలియని ఆ వ్యాపారంలో, ఆస్తినీ అయినవాళ్లనూ కలిపి అప్పగించడానికి దర్గా మొక్కుకు మించిన భరోసా వారికి లేదు. వెండితో చేయించిన చిన్న ఓడ బొమ్మలను భక్తులు సమర్పించడం, కందూరికి నాగపట్నం నుంచి జెండాలను ఓడ ఆకారపు రథాలపై ఊరేగింపుగా తేవడం ఆ భయం నుంచే పుట్టాయని నేను అనుకుంటాను. అదే సముద్రంలో వల వేసే హిందూ జాలర్లు అదే భయంతో అదే గడపకు వచ్చారు. వారిని ఇక్కడికి రప్పించడానికి ఎవరి ఉపదేశమూ అవసరపడలేదు.

దర్గాకు ఉన్న అయిదు మినార్లలో అన్నిటికన్నా ఎత్తయిన 131 అడుగుల మినారు తంజావూరు మరాఠా రాజు ప్రతాప్ సింగ్ (1739-1763) కట్టించినది. కొడుకు పుట్టాలన్న మొక్కు తీరినందుకు కట్టించాడంటారు. మొక్కును నేను కాదనను. అయితే ఆనాటి తీరాన్ని కూడా చూడాలి. డెన్మార్క్‌వారు 1620 నుంచి తరంగంబాడిలో ఉన్నారు. నాగపట్నాన్ని డచ్చివారు 1658లో పోర్చుగీసుల నుంచి గుంజుకున్నారు. కారైకాల్ 1739లో ఫ్రెంచివారి చేతికి వెళ్లింది. ఇలా రేవులన్నీ ఒక్కొక్కటిగా చేజారుతున్న వేళ, ముస్లిం వర్తకులను తమవైపు నిలుపుకోవడం తంజావూరుకు ఎంత ముఖ్యమో ఊహించడం కష్టం కాదు. భక్తీ రాజనీతీ ఒకే కట్టడంలో కలిసి ఉండటంలో వింతేమీ లేదు, మన దేవాలయ గోపురాల చరిత్ర కూడా చాలా చోట్ల ఇలాంటిదే.

నాగూరు పేరు ఓడలతో పాటే ప్రయాణించింది. సమాధి లేకపోయినా ఆ పేరుతో మలేషియాలోని పెనాంగ్‌లో ఒక దర్గా, శ్రీలంకలో కల్మునై తీరాన ఒక కడల్కరై పళ్లి (సముద్రతీర మసీదు) వెలిశాయి. సింగపూర్‌లో తెలోక్ ఆయర్ వీధిలో 1828-1830 మధ్య కట్టిన నాగూర్ దర్గా అప్పట్లో సముద్రానికి ఎదురుగా ఉండేది. అదే వీధిలో కొద్దేళ్లకే చైనా వలసదారులు తమ సముద్రదేవత మాజుకు గుడి కట్టుకున్నారు. రెండు దేశాల ఓడప్రయాణికులు దిగగానే చేసిన మొదటి పని కృతజ్ఞత చెల్లించుకోవడమే.

సమాధుల వద్ద మొక్కులు మతసమ్మతం కావని వాదించే సంస్కరణవాదులు ముస్లింలలోనే ఉన్నారు. ఆ చర్చ వారిది. కానీ 2004 డిసెంబరు 26న సునామీ నాగపట్నం జిల్లాలో ఆరు వేలకు పైగా ప్రాణాలు తీసినప్పుడు, ఇళ్లు పోగొట్టుకున్నవారికి ఈ దర్గా నీడనిచ్చింది. తీరంలో దాని స్థానమేమిటో ఆ రోజు తెలిసింది.

సింగపూర్ దర్గాను 1974లో జాతీయ స్మారకంగా ప్రకటించారు, ఇప్పుడు అందులో భారతీయ ముస్లింల వారసత్వ కేంద్రం నడుస్తోంది. సముద్రాన్ని పూడ్చి నేలగా మార్చడంతో కెరటాలు అక్కడి నుంచి ఎప్పుడో దూరమయ్యాయి. నాగపట్నం, పెనాంగ్, సింగపూర్‌ల మధ్య తిరిగిన రజులా వంటి నౌకలూ ఇప్పుడు లేవు. ఆ ప్రయాణాల జ్ఞాపకం మిగిలినవారు ఇరువైపులా వయసు మళ్లినవారే, వారి నోటి మాటను నమోదు చేసే పని ఇకనైనా రెండు తీరాల్లోనూ మొదలు కావాలి.