పటారమే పురావస్తువు

పైన పటారం, లోన లొటారం అన్న మాటను మనవాళ్ళు తరతరాలుగా తిట్టు కింద వాడుతున్నారు. అది తిట్టు కాదనీ, ఒక మహానగరపు వారసత్వ విధానమనీ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళేదాకా నాకు తెలియలేదు.

మా మిత్రుడు అక్కడ 1870ల నాటి చెక్క ఇల్లు కొన్నాడు. 1849కీ 1915కీ మధ్య ఆ ఊళ్ళో విక్టోరియన్, ఎడ్వర్డియన్ (బ్రిటిష్ రాణి విక్టోరియా, ఆమె కొడుకు ఎడ్వర్డ్ పేర్ల మీద పిలిచే) పద్ధతుల్లో లేచిన సుమారు 48,000 ఇళ్ళలో ఒకటి. 1906 భూకంపం వెంట వచ్చిన మంటలను చాలావరకు వాన్‌నెస్ అవెన్యూ అనే పెద్ద వీధి దగ్గర నిలువరించారు. ఈ ఇల్లు దానికి పడమట ఉంది కాబట్టి బతికింది. విక్టోరియా రాణిగారు అమెరికాలో అడుగైనా పెట్టలేదు. 1776లో బ్రిటిష్ రాజు మూడో జార్జిని వద్దు పొమ్మన్న దేశం ఆయన మనవరాలి పేరే ఇళ్ళకు తగిలించుకుని మురిసిపోతోంది. పంతం పట్టింపులు తాతతోనే గాని మనవరాలితో ఉండవు కాబోలు.

ఇంటి ముఖాన్ని యథాతథంగా పునరుద్ధరించాలని మిత్రుడి సంకల్పం. పక్క గోడల ప్రస్తావన లేదు. అవి కట్టిననాడే బోడి పలకలు. పొరుగిల్లు ఆనుకుని ఉంటే పక్కగోడకు సింగారం ఎవరికోసమని మేస్త్రీలు ఆనాడే లెక్క చూసుకున్నారు. ఇప్పటి నగర నిబంధనల చూపు కూడా ముఖ్యంగా వీధిలోంచి కనబడే కిటికీల మీదే.

ఇక ఆ ముఖం సంగతి. మూలల్లో రాతి దిమ్మెలు పేర్చినట్టు కనిపించేవి రెడ్‌వుడ్ చెక్క పలకలు. చూరు కింద దూలాలు మోస్తున్నట్టు బరువుగా నిలబడ్డ బ్రాకెట్లు ఏమీ మోయడం లేదు. ఆవిరి యంత్రాల మిల్లుల్లో కోసినవాటిని కేటలాగులో చూసి తెప్పించుకుని మేకులు కొట్టేవారు. ఇటలీ భవనాన్ని అనుకరించిన రాయి, ఆ రాయిని అనుకరించిన చెక్క. ఇంత నిజాయతీ గల అబద్ధాన్ని కాపాడుకోవద్దూ? పుచ్చిపోయిన బ్రాకెట్ల బదులు ఫోమువి పెడదామని పనివాళ్ళలో ఒకరు చనువుగా అన్నందుకు మిత్రుడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. చెక్కను రాయిలా చూపిస్తే వారసత్వం, ఫోమును చెక్కలా చూపిస్తే మోసం. తేడా తెలియనివాళ్ళతో వాదించడం దండగ.

మధ్యలో ఏ పుణ్యాత్ముడో ఈ ముఖాన్ని ఆస్‌బెస్టాస్ పెంకులతో కప్పేశాడు. పాత ఇల్లు కొత్తగా కనబడాలని ఆ రోజుల్లో అదే ముచ్చట. అడ్డొచ్చిన నగిషీలను ఊడబీకి మరీ కప్పారు. ఆ పెంకులను తగిన జాగ్రత్తలతో తీయించిన రోజు నేను అక్కడే ఉన్నాను. పాత క్యాలెండరు తీస్తే గోడ మీద మిగిలే తెల్లటి చతురస్రం తెలుసు కదా, సరిగ్గా అలాగే పలకల మీద పోయిన బ్రాకెట్ల ఆకారాలు రంగు అంటని నీడలుగా మిగిలాయి. వంపు, కొన, అంచున మేకు రంధ్రం, అన్నీ తెలుస్తున్నాయి. వడ్రంగి ఒక కాగితం అద్ది పెన్సిలుతో చుట్టూ గీత గీసుకున్నాడు. ఆ ఒక్క క్షణం నా వ్యంగ్యం నోరు మూసుకుంది. (మళ్ళీ బిల్లు వచ్చాక తెరుచుకుంది.)

అసలు రగడ రంగు దగ్గర. గోకితే ఒక్కో పొర బయటపడుతోంది. 1978కి ముందు పూసినవాటిలో సీసం ఉండవచ్చు గనుక ప్లాస్టిక్ పరదాలు కట్టి, తడిపి గోకాలి. పైన గులాబీ. దాని కింద యుద్ధకాలపు బూడిదరంగు. నౌకాదళం దగ్గర మిగిలిన రంగును ఆ ఊరి ఇళ్ళకు పూసేశారట. అంటే యుద్ధనౌక ముస్తాబులో ఈ వీధి కొంతకాలం లంగరు వేసుకుని నిలబడింది. గులాబీ, ఊదా వగైరాలు విక్టోరియన్లవని పర్యాటకుల నమ్మకం. ఇప్పటి ఆ వేడుకకు నాంది 1963లో బుచ్ కార్డమ్ అనే చిత్రకారుడు తన ఇంటికి పూసుకున్న ముదురు నీలం, ఆకుపచ్చలు. పోనీ అంతకుముందు అంతా సాత్వికమా అంటే, ఎరుపు, పసుపు, నారింజ, చాక్లెట్, ఏది గట్టిగా అరిస్తే అదే ఫ్యాషనైపోయిందని 1885లోనే ఒక విమర్శకుడు వాపోయాడు.

కాబట్టి నా ప్రతిపాదన సవినయంగా మనవి చేస్తున్నాను. యథాతథమంటే అన్ని కాలాలకూ న్యాయం జరగాలి. ఎడమ కిటికీకి 1885, కుడి కిటికీకి 1963, తలుపుకు నౌకాదళం, మెట్ల పక్కన రెండు ఆస్‌బెస్టాస్ పెంకులు అద్దాల పెట్టెలో. మిత్రుడు నాతో మాట్లాడటం మానేసి ఏడు రంగుల నమూనాలు గోడకు పూయించాడు. అందులో నాలుగు నా కంటికి ఒకే మీగడరంగు.

ఊరి నుంచి వచ్చిన వాళ్ళమ్మగారు మాత్రం వీధిలో నిలబడి తల పూర్తిగా పైకెత్తి చూశారు. "బాగుంది నాయనా, పెళ్ళికూతురిలా ఉంది. వంటింటి గోడ ఎప్పుడు చేయిస్తావు?" అన్నారు.

అది పెరటి వైపు గోడ. వీధిలోంచి కనబడదు. వాన పడితే కారుతుంది. ప్రస్తుతానికి దాని కింద లప్పం డబ్బా ఒకటి ఖాళీ చేసి పెట్టాం.