జలపాతం రీలు పెడుతున్నారా? ముందు తేదీ రాయండి

బెజవాడలో నాలుగు వానలు పడ్డాయంటే చాలు, ఫోన్ల నిండా జలపాతాలే. మూలపాడు అడవి, కొండపల్లి కొండలు, మాచర్ల దగ్గర ఎత్తిపోతల. కింద ఒకటే రాత: "సిటీకి దగ్గరే, రెండు కిలోమీటర్ల నడకంతే." అది ఏ రోజు తీసిందో ఉండదు. ముందు రోజు వాన పడిందో లేదో ఉండదు. వాగు పిక్కల దాకా ఉందా, నడుం దాకా ఉందా అన్నది అసలే ఉండదు. అది నమ్మి పిల్లల్ని వెంటేసుకుని వెళ్లినవాళ్లకి ఎండిన బండైనా ఎదురవుతుంది, ఉరికొచ్చే వాగైనా ఎదురవుతుంది. మొదటిదైతే పెట్రోలు దండగ, అంతే. నా బాధంతా రెండోదాని గురించే.

మన కొండలన్నీ రాతి కొండలు. పైన మట్టి పలచన. పడిన వాన ఇంకదు, జారిపోతుంది. అందుకే వాగు గంటల్లో పొంగుతుంది, గంటల్లోనే తగ్గుతుంది. కృష్ణకి వరదొస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక అని చెబుతారు. అడవిలో వాగుకి ఆ చెప్పేవాళ్లు ఉండరు. 2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడ సింగ్‌నగర్‌ని ముంచిన బుడమేరు వాగు కూడా మైలవరం వైపు కొండల నీళ్లతో వచ్చిందే. ఆ కొండల మీద వాన ఎంత వేగంగా కిందికి దిగుతుందో చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

కాబట్టి చూడాల్సింది దూరం కాదు, వాన. గట్టి వాన పడి ఆగాక ఒక రోజు వదిలేయండి. ఆ తర్వాతి రెండు మూడు రోజులే మంచి సమయం. తెల్లారుజామున బయల్దేరి, ఎండ ముదరకముందే అడవి దాటి బయటికి రావాలి. మన దగ్గర ఉరుముల వాన ఎక్కువగా మధ్యాహ్నం దాటాకే పడుతుంది. మీ నెత్తిన ఎండ కాస్తున్నా సరే, వాగు పుట్టే కొండ మీద మబ్బు నల్లబడితే వెనక్కి తిరగండి. రిజర్వు అడవి అయితే అటవీ శాఖ వాళ్ల అనుమతి తీసుకోండి, దారి తెలిసిన ఊరివాళ్లు ఒకరు వెంట ఉండాలి.

ఎత్తిపోతల సంగతి వేరు. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తు నుంచి పడుతుంది, కింద నీళ్లలో మొసళ్లున్నాయి. కటకటాల ఇవతల నిలబడి చూడాల్సిన చోటు అది. దిగే మాటే వద్దు.

రాళ్లలో 2 కిలోమీటర్లంటే పెద్దవాళ్లకే గంట పడుతుంది, పిల్లలుంటే ఇంకా ఎక్కువ. మనిషికి 2 లీటర్ల నీళ్లు, ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్, టార్చి, విజిల్, చేతిలో భుజమెత్తు కర్ర. జీన్స్ వద్దు, తడిస్తే కాళ్లు ఈడ్చేస్తుంది. హవాయి చెప్పులు అసలే వద్దు. అడుగున గాళ్లు అరగని పాత బూట్లు చాలు, తడిసినా బెంగ ఉండదు.

బండ మీద పచ్చటి నాచు అందరికీ కనబడుతుంది, తప్పుకుంటారు. మోసం చేసేది నల్ల పాకుడు. తుంపర పడేచోట రాయి మీద నల్లగా, పలచగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతుంది. రాయి రంగే అదనుకుని కాలు మోపుతారు. గరుకుగా, బూడిద రంగులో ఉన్నచోటే అడుగు వేయండి. అనుమానమొస్తే కర్ర మొనతో గీకి చూడండి, జారితే పాకుడే. జలపాతం పైఅంచు దాకా ఫొటో కోసం వెళ్లేవాళ్లు జారేది సరిగ్గా దీనిమీదే.

వాగు దాటేటప్పుడు ఇరుకు చోటు దగ్గరగా ఉంది కదా అని అక్కడ దిగకండి. ఇరుకైన చోటే లోతు, వేగం. వెడల్పుగా పారేచోట, మోకాలి కింద దాకా నీళ్లుంటేనే దాటండి. ఉరవడి ఉంటే జానెడు నీళ్లు కూడా మనిషిని పడేస్తాయి. బ్యాగు బెల్టులు వదులు చేసి, నీళ్లు వచ్చే వైపుకి మొహం పెట్టి, కర్ర ఊని పక్కకి పక్కకి అడుగేయండి. తేటగా ఉన్న నీళ్లు ఎర్రబడినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు మారినా క్షణం ఆగొద్దు. వాగు వెంబడి పరిగెత్తకుండా పక్క గట్టు ఎక్కండి. తిరుగుదారిలో వాగు పొంగి ఉంటే కూర్చోండి. అది తగ్గుతుంది. ఇంటికి ఆలస్యమవుతుందని దిగేవాళ్లే కొట్టుకుపోతారు.

ధార కింద మడుగులో ఈత వచ్చినవాళ్లు కూడా మునిగిపోతారు, ఎందుకో తెలుసుకోండి. తెల్లగా నురగలు కక్కే నీళ్లలో సగం గాలే. ఆ నీళ్లు మనిషిని తేల్చలేవు. పైగా పడే ధార కిందికి తొక్కి, తిప్పి, మళ్లీ తన కిందికే లాక్కుంటుంది. ఎవరైనా మునిగితే వెంట దూకకండి. తాడు, చున్నీ, కర్ర, మూత బిగించిన ఖాళీ సీసాలు అందించండి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా పట్టుకోవడం తప్పు. ఊపిరి లేకపోతే ముందు నోట్లో ఊపిరి ఊదాలి, తర్వాత ఛాతీ నొక్కాలి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. సిగ్నల్ ఎక్కడిదాకా వచ్చిందో నడిచేటప్పుడే గుర్తు పెట్టుకోవాలి.

దారిలో దూలగొండి కాయలుంటాయి, బంగారు రంగు నూగుతో ముద్దుగా కనబడతాయి. తగిలితే రుద్దకండి, నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టర్ అంటించి లాగి, నీళ్లతో కడగండి. కొండ చరియకి తేనెపట్టు వేలాడుతుంటే పొగ, సెంటు, కేకలు ఏవీ వద్దు. పాము కరిస్తే కోయొద్దు, బిగించి కట్టొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా పుల్లలతో ఆనించి, నేరుగా విషానికి విరుగుడు ఉండే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి.

వాగు ఒడ్డున తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు రెక్కలు ముడుచుకుని గుంపుగా వాలి ఉంటాయి. మట్టిలో ఉప్పు పీల్చుకుంటాయి. పిల్లల్ని వాటి వెంట పడి తరమనివ్వకండి. ఆ నీళ్లలో సబ్బు, షాంపూ వాడకండి.

ఇక రీలు పెట్టేవాళ్లని బతిమాలుతున్నాను, ఇలా రాయండి: "అక్టోబరు 12, ఉదయం 8. రెండు రోజుల కింద గట్టి వాన. వాగు పిక్కల దాకా ఉంది, రెండు చోట్ల దాటాలి. మడుగులోకి దిగలేదు." వెళ్లేసరికి ఎండిపోయి ఉంటే ఆ ఎండిన బండ ఫొటో కూడా తేదీతో పెట్టండి.