అంగోరా మేకకు లేని రూలు పత్తి రైతుకెందుకు?

అమెరికాలో మేక బొచ్చుకు పౌండుకు 5 డాలర్ల పూచీ ఇచ్చారు. 2025 జూలై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన చట్టంలో ఇది ఉంది. అంగోరా మేకల బొచ్చు అయిన మొహైర్‌కు అప్పటిదాకా పౌండుకు 4.20 డాలర్లున్న రుణ ధరను 5కు, గ్రేడు చేసిన ఉన్నికి 1.15 ఉన్నదాన్ని 1.60కి పెంచారు. సరుకు తాకట్టు పెట్టి సర్కారు దగ్గర అప్పు తీసుకున్న పెంపకందారు, మార్కెట్ పడిపోతే ఆ పడిపోయిన ధర లెక్కనే బాకీ తీర్చుకోవచ్చు. తేడా ఖజానా భరిస్తుంది. వాళ్లు దీన్ని మార్కెటింగ్ రుణం అంటారు. మన రైతు భాషలో ఇది మద్దతు ధరే.

ఆ మద్దతు ధర ఇస్తున్నందుకే మనల్ని బోనులో నిలబెట్టింది అమెరికా. 2018 మేలో వరి, గోధుమల మీద, నవంబరులో పత్తి మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో ఎదురు లెక్కలు పెట్టింది. మద్దతు పంట విలువలో 10 శాతం మించకూడదన్న హద్దును ఎన్నో రెట్లు దాటారంది. 1986-88 నాటి ధరలతో పోల్చి, ప్రభుత్వం కొననే కొనని ధాన్యాన్ని కూడా కలిపి వేసిన లెక్క అది. ఇంత అన్యాయంగా మన ధాన్యాన్ని తూచినవాళ్లు తమ మేక బొచ్చును ఏ తక్కెడలో తూస్తున్నారు?

దీని చరిత్ర చూస్తే ఒళ్లు మండుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, కొరియా యుద్ధంలో సైనికుల యూనిఫాంలకు ఉన్ని చాలలేదన్న భయంతో 1954లో ఉన్ని చట్టం తెచ్చారు. అందులోకి మొహైర్ కూడా చేరింది. 1960లోనే సైన్యానికి కీలకమైన సరుకుల జాబితా నుంచి ఉన్నిని తీసేశారు. చెల్లింపులు మాత్రం మరో 35 ఏళ్లు నడిచాయి. అదీ ఎలా? ఎక్కువ సరుకును మంచి ధరకు అమ్ముకున్నవాడికే ఎక్కువ డబ్బు. 1993లో రద్దు చేశామన్నారు, 1995తో ఆపారు. 2002 వ్యవసాయ చట్టంలో వేరే రూపంలో మళ్లీ తెచ్చారు.

అమెరికా వ్యవసాయ ఖర్చులో ఇది ఆవగింజంత అని, టెక్సాస్ మెట్టల్లో మేకలు తప్ప మరో ఆధారం లేదని అక్కడివారు అంటారు. కావచ్చు. ఆ పెంపకందారు బతకాలనే మేమూ కోరుకుంటాం. ఆదిలాబాద్ నల్లరేగడిలో వానను నమ్ముకుని పత్తి వేసిన రైతుకు మాత్రం మరో ఆధారం ఏముంది? అక్కడ న్యాయమైంది ఇక్కడ నేరం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న గట్టిగా అడగాల్సిన ఢిల్లీ ఏం చేసింది? 2025 ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతిపై 11 శాతం సుంకం ఎత్తేసింది. సెప్టెంబరు నెలాఖరు వరకే అని చెప్పి, పది రోజులు తిరక్కుండానే డిసెంబరు 31 దాకా పొడిగించింది. అప్పట్లో 50 శాతం అమెరికా సుంకాలతో నలిగిన మిల్లులకు ఊరట కావాల్సిందే, నిజమే. దాన్ని రైతు జేబులోంచి తీసి ఇవ్వడమేమిటి? మన పత్తి యార్డులకు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే. 2025-26లో పొడుగు పింజ పత్తికి క్వింటాకు 8,110 రూపాయల మద్దతు ధర కాగితం మీద ప్రకటించి, బయటి పత్తికి గేటు తెరిస్తే వ్యాపారి ఆ ధర పెడతాడా?

జెనీవాలో, ప్రపంచ వాణిజ్య సంస్థలో మన ప్రతినిధులు ఈ 5 డాలర్ల లెక్కను బల్ల మీద పెట్టి నిలదీయాలి. పత్తి యార్డులకొచ్చే నెలల్లో సుంకం మళ్లీ ఎత్తేయకూడదు. మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కొనుగోలు కేంద్రాలను తొలి పత్తి ఏరేనాటికే తెరవాలి. మేక బొచ్చు కోసం వాళ్ల చట్టసభ పడిన తపనలో సగమైనా మన పత్తి కోసం పడని ఎంపీలు, రేపు ఓట్లకు ఏ ముఖం పెట్టుకుని ఆ చేలగట్ల మీదికి వస్తారు?