నిండు గీతల వంతగాడికి

మహారాజశ్రీ వైఫై రిపీటర్ గారి దివ్య సముఖమునకు,

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక పెరటి షెడ్డు నుంచి వ్రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అందామంటే ఉభయుల్లో కుశలంగా ఉన్నది తమరొక్కరే. రౌటర్ వైఫైని అందుకుని ముందుకు పలికే కొలువు పుచ్చుకుని షెడ్డు గోడ ప్లగ్గులో వెచ్చగా కూర్చున్నారు. నీలం దీపం నిలకడగా వెలుగుతోంది. ఫోన్ నెత్తిన నిండు గీతలు. కింద మాత్రం, జీడిపిక్కల తూకం చీటీ ఫొటో మధ్యాహ్నం ఒంటిగంటకు పంపితే, నాలుగింటికి కూడా ఆ గుండ్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉంది. ఆఖరికి చీటీ సైకిలెక్కి వెళ్లింది. బజారుకి పది నిమిషాలు.

తమరి డబ్బా మీద బొమ్మ చూశాం. మూడంతస్తుల మేడ, గదిగదికీ నీలం వలయాలు, సోఫాలో నవ్వే కుటుంబం. ఆ బొమ్మలో పెంకుటిల్లు లేదు, మూరెడు మందం మట్టిగోడ లేదు, నుయ్యి లేదు, రేకుల షెడ్డు అసలే లేదు. పోనీలెండి, డబ్బా మీద బొమ్మకు ఎవరు కేసు పెడతారు? మా తగువు గీతల మీద.

ఫోన్‌లో కనిపించే గీతలు ఫోన్‌కీ తమరికీ మధ్య సంగతి మాత్రమే చెబుతాయి. ఫోన్ తమరికి ఆరడుగుల దూరంలో ఉంది, నిండుగా ఉండక ఏం చేస్తాయి? తమరికీ వీధిగదిలో ఉన్న రౌటర్‌కీ మధ్య ఏం జరుగుతోందో ఆ గీతలకు తెలీదు. తమరికి తెలుసు. చెప్పరు. అక్కడ వస్తున్న సిగ్నల్ బలం మైనస్ 82 డీబీఎం (మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ బలం తగ్గినట్టు). మైనస్ 67 దాకా ఉంటే వీడియో కాల్ నడుస్తుంది. 75 దాటితే తడబాటు మొదలు. 80 దాటితే నెట్‌వర్క్ పేరు కనిపిస్తుంది తప్ప పని జరగదు. 67కీ 82కీ తేడా పదిహేనే కదా అనుకుంటారు తెలియని వాళ్లు. డెసిబెల్ లెక్కలో మూడు తగ్గితే సగం, పది తగ్గితే పదోవంతు, పదిహేను తగ్గితే ముప్పయ్యో వంతు. రూపాయిలో మూడు పైసలు మిగిలాయన్నమాట. ఆ మూడు పైసలు జేబులో వేసుకుని నోట్లకట్ట ఉన్నవాడిలా తడుముకుంటూ తిరుగుతున్నారు తమరు.

మన జిల్లాల్లో జముకుల కథ చూసినవాళ్లకు వంత పాడేవాడు ఎక్కడ నిలబడతాడో తెలుసు. కథకుడి పక్కనే. చెవిన పడని పాటకు ఎవడూ వంత పాడలేడు మరి. తమరేమో కథ జరిగే చోటికి రెండు వీధుల అవతల, రేకుల గుడారంలో నిలబడి, అక్కడ ఏ కథ నడుస్తోందో ఒక్క ముక్క వినపడకుండానే గొంతు చించుకుని తందానా అంటున్నారు. షెడ్డులో వాళ్లకు తమరి గొంతు బ్రహ్మాండంగా వినిపిస్తోంది. కథే లేదు.

గీతల్ని నమ్మడం మానేసి పింగ్ (పలకరింపు పంపితే బదులు రావడానికి పట్టే సమయం) చూస్తే ఈ బండారం ఐదు నిమిషాల్లో బయటపడుతుంది. ఫోన్‌లో ఏదో ఒక నెట్‌వర్క్ టూల్ యాప్ వేసుకుని, షెడ్డులో కూర్చుని, ముందు రిపీటర్ అడ్రసుకి, తర్వాత రౌటర్ అడ్రసుకి (చాలా ఇళ్లలో 192.168.1.1) ఇరవై సార్లు చొప్పున కొట్టాలి. మొదటిది నాలుగైదు మిల్లీసెకన్లలో తిరిగొస్తుంది. రెండోది నాలుగు వందలు, ఏడు వందలు అంటూ, మధ్యలో కొన్ని అసలు తిరిగి రాకుండా పోతే జబ్బు పెరట్లో ఉంది. రౌటర్ దాకా శుభ్రంగా ఉండి ఆ పైన చెడితేనే లైను వాళ్లకు ఫోన్ చేయాలి. ఈ పరీక్ష చేయకుండా లైన్‌మన్‌ని తిట్టిన తిట్లన్నీ తమరి ఖాతాలో రాసుకోండి.

పైగా తమరికి ఉన్నది ఒకటే రేడియో. రౌటర్ చెప్పింది విన్నాక, అదే ఛానెల్లో మళ్లీ తమరే పలకాలి. వింటూ మాట్లాడలేరు కాబట్టి చేతికి వచ్చిన వేగం అక్కడికక్కడే సగమవుతుంది. రెండు బాండ్ల రకం (2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు తరంగాల మీద నడిచేది) అయితే ఒకదాని మీద విని ఇంకోదాని మీద చెప్పొచ్చు, నిజమే. కానీ 5 గిగాహెర్ట్జ్‌కి మట్టిగోడ అంటే ప్రాణసంకటం. గోడ దాటేది మళ్లీ 2.4 ఒక్కటే. ఇల్లంతా కొన్ని డబ్బాలు జట్టుగా పనిచేసే మెష్ అనే మీ పెద్దింటి చుట్టాలు కూడా, మధ్యలో కేబుల్ లేకపోతే ఈ బాపతే. మాట తీరు మర్యాదగా ఉంటుంది, అంతే.

మరి ఎక్కడ పెట్టాలి? తమరి కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: రౌటర్‌కీ సిగ్నల్ అందని చోటుకీ సగం దూరంలో. అంటే రౌటర్ సిగ్నల్ ఇంకా 65, 70 దగ్గర నిలబడి ఉన్న చోట. జనం పెట్టేదేమో సిగ్నల్ చచ్చిన చోటే, ఎందుకంటే ఇంటర్నెట్ కావాల్సింది అక్కడే. సరే, తమరి మాటే విందాం. వీధిగది నుంచి షెడ్డుకి 45 మీటర్లు. సగం దూరం అంటే నూతి గట్టు. అక్కడ ప్లగ్గు ఎవడు పెడతాడు? వాన పడితే తమరికి గొడుగు ఎవడు పడతాడు? తమరి ఒంటికి చినుకు ఆపే శక్తి ఇసుమంతైనా లేదు. ఇల్లు దాటకుండా తమరికి దొరికే మంచి చోటు ఒకటే, పెరటి వైపు కిటికీ గూడు, అదీ ఇనుప దోమల మెష్ లేని కిటికీ అయితే. అక్కడి నుంచి పెరడు దాటతారు. దాటి ఏం చేస్తారు? జింకు రేకుకి నుదురు కొట్టుకుని వెనక్కి వస్తారు.

అసలు దూరం ఇక్కడ శత్రువే కాదు. మధ్యలో ఏ అడ్డూ లేకపోతే 45 మీటర్లు 2.4కి లెక్కలోది కాదు, దూరం రెట్టింపైతే తగ్గేది ఆరు డెసిబెల్సే. మింగేది గోడలు, తడి ఆకులు. రేకు మింగను కూడా మింగదు, అద్దంలా తిప్పికొడుతుంది. పైన రేకు, నాలుగు పక్కలా రేకు, తలుపు రేకు. ఆ షెడ్డులోకి సిగ్నల్ పంపడం మూత పెట్టిన బిందెలో నీళ్లు పోయడమే. ఈ ముక్క డబ్బా మీద ఒక్క లైను రాయడానికి ఏటి బాబూ నీకు నొప్పి? నీలం వలయాలు గీయడానికి చోటుంది, రేకు అనే రెండక్షరాలకు చోటు లేదా? వెయ్యి పైచిలుకు తీసుకుని గీతలు చూపిస్తావా? గీతలు అమ్ముకుని బతుకుతున్నావా? నువ్వు వంతగాడివి కూడా కాదురా నాయనా, పెళ్లి పందిట్లో ప్లగ్గు ఊడిన మైకువి.

ఇంకా ఉన్నాయి. ఇంటి నెట్‌వర్క్ పేరుకి తోక తగిలిస్తావు. షెడ్డు దాకా నడిచొచ్చినా ఫోను తోక లేని పాత పేరుని పట్టుకుని వేలాడుతూనే ఉంటుంది. కరెంటు పోయి వస్తే రౌటర్‌కి మినీ యూపీఎస్ ఉంది కాబట్టి అది కదలదు, నువ్వు మాత్రం మూడు నిమిషాలు ధ్యానంలోకి వెళ్తావు. రీసెట్ కన్నంలో దూరే సూది ఇంట్లో ఎప్పుడూ దొరకదు. నీ యాప్ తెరవాలంటే ఇంటర్నెట్ ఉండాలి.

నీకు పోటీగా వచ్చినవాళ్ల సంగతీ చెప్పాలి కదా. కరెంటు తీగల్లోంచే ఇంటర్నెట్ పంపే డబ్బాల జంట ఒకటుంది. షెడ్డుకి వేరే మీటరో వేరే ఫేజో ఉంటే దాని మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. మేడ మీద ఒకటి, షెడ్డు మీద ఒకటి చిన్న డిష్షులు పెట్టి ఎదురెదురుగా గురి చూసే పద్ధతి మాత్రం గట్టిది. 2018లో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ బాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ని లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చాక ఆరుబయట కూడా ఇబ్బంది లేదు. కానీ దానికి చూపు తిన్నగా ఉండాలి. అరసవల్లిలో సూర్యకిరణం మూలవిరాట్టు పాదాలు తాకేది మార్చిలో, అక్టోబరులో ఆ కొద్ది రోజులే. దారి తిన్నగా కుదిరే రోజులు అన్నే మరి. మన డిష్షుకి ఏడాది పొడుగునా కుదరాలి. గీత మాత్రమే ఖాళీగా ఉంటే సరిపోదు, 45 మీటర్లకు ఆ గీత చుట్టూ నడిమధ్యన ముప్పావు మీటరు చొప్పున గాలి ఖాళీగా ఉండాలి. అదే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడగొట్టిన కొబ్బరిచెట్ల చోట నాటిన మొక్కలు ఇప్పుడు సరిగ్గా ఆ ఎత్తుకొచ్చి మట్టలు ఊపుతున్నాయి. గాలి వీచినప్పుడల్లా లింకు తెగుతుంది. కొబ్బరిమట్టని నరకమని ఉద్దానంలో ఎవరికి చెబుతావు?

మిగిలింది కేబుల్. నువ్వు పుట్టిందే కేబుల్ లాగే బద్ధకం వల్ల కాబట్టి ఈ పేరా నీకు రుచించదు. అయినా విను. తిన్నగా 45 మీటర్లయినా గోడ వెంట, నూతి పక్కగా తిప్పుకొస్తే 70 అవుతుంది. రాగి ఈథర్నెట్‌కి హద్దు 100 మీటర్లు, కాబట్టి చాలు. క్యాట్ 6, ఆరుబయట వాడే నల్ల పాలిథిన్ తొడుగుది కొనాలి. ఇంట్లో వాడే బూడిదరంగు రకం ఎండకి పెళుసెక్కి పగులుతుంది. కొనేచోటే చాకు మొనతో తీగ గీకి చూడాలి. లోపల తెల్లగా తేలితే అది రాగి పూసిన అల్యూమినియం. అందులో ఇంటర్నెట్ ఎలాగోలా వెళ్తుంది కానీ అదే తీగలో కరెంటు కూడా పంపితే దారిలోనే వోల్టేజి కారిపోతుంది, అవతల డబ్బా గంటకోసారి రీస్టార్టు. ఇలా ఈథర్నెట్ తీగలోనే కరెంటు పంపే పీవోఈ (802.3af) పద్ధతిలో ఇటు 15.4 వాట్లు బయల్దేరితే అటు 12.95కి హామీ ఉంది, అసలు రాగి అయితేనే.

అడుగున్నర లోతున గాడి తీసి 25 మిల్లీమీటర్ల పైపులో వేయాలి. పైపు లేకపోతే ఎలుకలకు విందు. మోటారు కరెంటు తీగ వెళ్లే పైపులో దీన్ని కలపకూడదు, అడుగు ఎడమైనా ఉండాలి. పైపు రెండు కొసలూ కిందకి వంచితే వాన నీరు లోపలికి పోదు. చివర్లలో గజం చొప్పున మిగులు చుట్ట ఉంచితే, కనెక్టర్ చెడిన రోజు కోసి మళ్లీ వేసుకోవచ్చు. కనెక్టర్‌లో ఎనిమిది తీగల రంగుల వరస రెండు వైపులా ఒకటే: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. మట్టి కప్పకముందే టెస్టర్ పెట్టి ఎనిమిది దీపాలూ చూడాలి. నీలమో గోధుమో అందకపోయినా ఇంటర్నెట్ వస్తుంది, వేగం వెయ్యి ఎంబీపీఎస్ రావాల్సింది వంద దగ్గర ఆగుతుంది. కారణం ఏడాది దాకా ఎవరికీ తట్టదు.

ఒక్క భయం పిడుగు. రెండు కట్టడాల మధ్య రాగి తీగ పరిస్తే, ఎక్కడో దగ్గర్లో పిడుగు పడినా రెండు కొసల డబ్బాలూ కాలొచ్చు. ఉరుములు మొదలయ్యాక ఊడదీసే ఓపిక లేనివాళ్లు ఫైబర్ వేసుకోవడమే. గాజుపోచలో కరెంటు పారదు. రెండు కొసలా కనెక్టర్లు బిగించి వచ్చే సింగిల్ మోడ్ తీగ, వెలుగుని ఈథర్నెట్‌గా, ఈథర్నెట్‌ని వెలుగుగా మార్చే రెండు మీడియా కన్వర్టర్లు చాలు. ఒకే పోచ మీద నడిచే రకమైతే ఒకటి ఏ, ఇంకోటి బీ ఉండాలి, రెండూ ఏ కొంటే ఒకదాని వెలుగు ఇంకోదానికి కనబడదు. తీగతో పాటు ఇనుప పోగు ఉంటే దాన్ని బయట కొక్కేనికే కట్టేసి అక్కడే ఆపాలి, లోపలికి తేకూడదు. చేతి గాజు కంటే చిన్న చుట్ట చుట్టకూడదు. వెలుగు మలుపు తిరగలేక బయటికి కారిపోతుంది.

ఇంత చదివాక నిన్ను పీకి అటక మీద పడేస్తామని కదా నీ అనుమానం. పడేసేవాళ్లమే. కానీ నీ ఒంటి కింద ధూళి పట్టి ఒక చిన్న చతురస్రపు కన్నం ఉంది. ఈథర్నెట్ పోర్టు. డబ్బా మీద దాని గురించి ఒక్క ముక్క లేదు. షెడ్డు దాకా వచ్చిన కేబుల్ అందులో గుచ్చి, సెట్టింగుల్లో రిపీటర్ మోడ్ తీసేసి యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టి, ఇంటి పేరే, ఇంటి పాస్‌వర్డే ఇచ్చి, ఇంట్లో 1 ఉంటే ఇక్కడ ఛానెల్ 6 పెడితే, నువ్వు పనికొస్తావు. నిజంగా పనికొస్తావు. కథ చెవిలోనే పడుతుంది, వంత పాడితే చాలు. రేకులన్నీ అప్పుడు నీ పక్షమే, నీ గొంతు బయటికి పోకుండా కాపలా కాస్తాయి. ఆ కన్నం లేని నీ తమ్ముళ్లు ఉన్న ఇళ్లలో మూలపడిన పాత రౌటరైనా ఇదే పని చేస్తుంది. అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపి, అడ్రసు 192.168.1.2కి మార్చి, తీగని వాన్ (WAN) పోర్టులో కాక లాన్ (LAN) పోర్టులో పెట్టాలి.

కాబట్టి కదలకుండా అక్కడే ఉండు. నీలం దీపం వెలిగించుకో, ఫర్వాలేదు. గాడి తవ్వడానికి ఆదివారం మనిషి వస్తానన్నాడు.

ఇట్లు,
రేకు కింద నుంచి తమ విధేయులు

తా.క.: చీటీ ఫొటో ఇప్పుడే వెళ్లింది. మూడుసార్లు.